మోకాళ్ల నొప్పులకు పోషక మాత్రలు

క్రిందటి సంక్రాంతికి నేను మా ఊరు పోయినప్పుడు మా పెదనాన్నగారు నన్ను లోపలికి పిలిచి, గూటిలోనుండి ఒక పెద్ద డబ్బా తీసి నా చేతిలో పెట్టిరి. దానినిండ మాత్రలు. ఒక్కొక్కటి చిక్కుడుగింజకంటె పెద్దది. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న వారి కుమారుడు వచ్చినప్పుడెల్ల రెండేసి డబ్బాలు తెచ్చి యిచ్చి పోవునట. "నాయనా, నీవు వైద్యుడవు గదా! నాలుగేండ్లనుండి పూట కొక్కటి చొప్పున మ్రింగుచున్నాను. ఇది నిజముగా పనిచేయునా, చేయదా? ఒక్క మాటలో చెప్పు" అని వారడిగిరి.

ఆ యొక్కమాట నేను ఆనాడు చెప్పలేకపోతిని. చేయదంటినా, దూరదేశమున నుండి తండ్రి మోకాళ్లను తలచుకొను కుమారుని ప్రేమను త్రోసివేసినట్లగును. చేయునంటినా, అబద్ధమాడినట్లగును. అందుచేత "తీరికగా చెప్పెదను" అని తప్పించుకొని వచ్చితిని. నాడు చెప్పవలసినదానినే నేడు మీ యందరి యెదుట తీరికగా చెప్పుచున్నాను. ఇట్టి డబ్బాలు మా పెదనాన్నగారి గూటిలోనే కాదు, నేడు అనేక గృహములలో నున్నవి. పరదేశమునుండి వచ్చినవి కొన్ని, మన పట్టణములలోని మందులకొట్లలో కొన్నవి కొన్ని. నెలకు వందల రూపాయలు వానికి వ్యయమగుచున్నవి.

ముందుగా కీలనునది ఎట్లుండునో చూతము. మేకకాలు కోయునప్పుడు కీలువద్ద ఎముకకొనను లేతకొబ్బరివలె తెల్లగా, నునుపుగా మెరయు పొర నొకదానిని మీరు చూచియుందురు. దానిని మృదులాస్థి యందురు. మన మోకాలిలోను అట్టిదే, కొన్ని మిల్లీమీటర్ల మందమున, రెండెముకల కొనలను కప్పియుండును. ఆ రెంటినడుమ జిగటగా నుండు ద్రవము కొంచెము కలదు. బండి యిరుసునకు కందెన యెట్టిదో కీలునకు ఈ ద్రవ మట్టిది. జనులు ఈ పొరను, ద్రవమును కలిపి "గుజ్జు" అనుచున్నారు. మోకాలు నొచ్చుచున్నదని చెప్పగానే "గుజ్జు అరిగిపోయినది" అనుమాట మీరు పలుమారులు వినియుందురు. వయసు మీరినవారికి సాధారణముగా వచ్చు ఈ జబ్బును వైద్యులు ఆస్టియో ఆర్థ్రైటిస్ అందురు.

ఇరుసుతో పోలిక యింతవరకే. ఈ మృదులాస్థికి రక్తనాళములు లేవు, నరములును లేవు. చర్మము తెగినచో నెత్తురు వచ్చి గాయము మానును. దీనికా యోగము లేదు గావున ఒకసారి చెడినది మరల పూర్వమువలె పెరుగుట మిక్కిలి అరుదు. అయినను అది జీవముగల పదార్థమే. దానికి ఆహార మెట్లందుననగా, మనము అడుగు వేయునప్పుడు అది నొక్కుకొనిపోయి, అడుగు తీయగనే ఉబ్బి, చుట్టునున్న ద్రవమును పీల్చుకొనును. తడిగుడ్డను పిండి మరల నీట ముంచినట్లు. అనగా నడకయే దానికి భోజనము. మఱియొక సంగతి. నరములు లేనిది నొచ్చజాలదు. నొప్పి పుట్టునది దాని క్రిందనున్న ఎముకలో, కీలును చుట్టిన పొరలో, నరపు పట్టులలో, తొడకండరములలో. అందువలననే ఎక్స్‌రే పటములో కీలు మిక్కిలి అరిగినట్లు కనబడియు హాయిగా పొలము పోయివచ్చువారు కలరు. పటములో స్వల్పపు మార్పు మాత్రమే కలిగి మెట్టెక్కలేనివారును కలరు. గుజ్జునకును నొప్పికిని సూటియైన లెక్క లేదు. ఈ మాట జ్ఞాపకముంచుకొనుడు.

ఇక మాత్రలలో నున్నదేమి? ముఖ్యముగా రెండు పదార్థములు. ఒకటి గ్లూకోసమైన్, రెండవది కాండ్రాయిటిన్. ఈ రెండును మన మృదులాస్థిలో సహజముగా నుండునవే. శరీరము తనకు కావలసినంత తానే చేసికొనును. మాత్రలలోని గ్లూకోసమైన్ తరచుగా రొయ్యల పెంకులనుండి, పీతల పెంకులనుండి తీయబడును. కాండ్రాయిటిన్ ఆవు, పంది మొదలగు జంతువుల మృదులాస్థినుండియు, సొరచేప మృదులాస్థినుండియు తీయబడును. రొయ్యల పెంపకములో దేశమునందు ఆంధ్రప్రదేశమే ముందున్నది గదా. భీమవరము ప్రాంతపు చెరువులను చూచినవారికి పెంకులకు కొదవ లేదని వేఱుగా చెప్పనక్కరలేదు. మొక్కజొన్ననుండి పులియబెట్టు పద్ధతిని చేసిన గ్లూకోసమైన్ కూడ కలదు గాని, డబ్బామీద ఆ మాట ప్రత్యేకముగా అచ్చువేసి యుండవలెను.

మా పెదనాన్నగారు ఉల్లి సైతము ముట్టనివారు. డబ్బా వెనుక చిన్న యక్షరములలో నున్న రొయ్యపెంకుల సంగతి నేను చదివి చెప్పగా వారు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "నాలుగేండ్లనుండి ఏకాదశినాడు కూడ మ్రింగితినిరా" అనిరి. శాకాహారులైన పెద్దలు డబ్బా వెనుక వ్రాత యెవరిచేతనైన చదివించుకొనుట మంచిది. చట్టప్రకారము మనదేశమున ఇట్టి పోషకములు ఔషధముల జాబితాలో గాక ఆహారముల జాబితాలో చేరినవి. "ఔషధముగా వాడుటకు గాదు" అను మాట డబ్బాపై ఇంగ్లీషులో అచ్చువేయవలెనని నియమము కూడ కలదు. రోగమునకని కొనుచున్న వస్తువుమీదనే ఇది రోగమునకు గాదని వ్రాసియుండుట వింతయే.

మృదులాస్థిలో నుండు పదార్థమును తిన్నచో మృదులాస్థి పెరుగునను తలంపు వినుటకు యుక్తముగా నుండును. మనలో ఎముక విరిగినవారికి మేకకాళ్ల రసము పోయుటయు, నల్లేరు పచ్చడి పెట్టుటయు కలదు గదా. కాని కడుపు అనునది అన్నిటిని విడగొట్టు కార్ఖానా. లోనికి పోయినది ఏ రూపమున పోయెనో ఆ రూపముననే మోకాలికి చేరునని నియమము లేదు. మ్రింగిన గ్లూకోసమైనులో కీలువరకు పోవునది మిక్కిలి స్వల్పము. చేపతోలునుండి, పశువుల తోలునుండి చేయు కొల్లాజెన్ పొడి కూడ కడుపులో చిన్న చిన్న భాగములుగా విడిపోవునదే. అయినను ఇది తర్కము మాత్రమే. తర్కమునకు అందనివి కొన్ని పనిచేయవచ్చును, అందినవి పనిచేయకపోవచ్చును. పరీక్షించి చూడవలెను.

ఈ మాత్రల ప్రఖ్యాతి ముఖ్యముగా 1997 ప్రాంతమున హెచ్చినది. ఆ యేట అమెరికాలో ఒక వైద్యుడు వీనిని పొగడుచు వ్రాసిన పుస్తకము విరివిగా అమ్ముడయ్యెను. 2001లో బెల్జియము దేశపు వైద్యులు 212 మంది రోగులను మూడేండ్లు చూచి, గ్లూకోసమైన్ సల్ఫేటు పుచ్చుకొన్నవారి మోకాళ్లలో ఎముకల నడుమ ఎడము తగ్గకుండ నిలిచినదని ప్రకటించిరి. ఆ ప్రకటనతో వ్యాపారము పెద్దదయ్యెను. పరీక్షలలో కొన్ని మాత్రలు తయారుచేయు కంపెనీల ధనముతో జరిగినవి. అట్టివానిలో మేలెక్కువగాను, ఇతరులు చేసినవానిలో తక్కువగాను కనబడుచుండెను. అది చూచి అమెరికా ప్రభుత్వపు ఆరోగ్యసంస్థ తన ధనముతో ఒక పెద్ద పరీక్ష నడపించెను. దాని ఫలితములు 2006లో వెలువడెను. ఈ పరీక్షనుగూర్చి కొంచెము వివరముగా చెప్పెదను.

మోకాలినొప్పిగల 1583 మందిని చీట్లు వేసినట్లు అయిదు జట్లుగా విడదీసిరి. మొదటి జట్టునకు గ్లూకోసమైన్ దినమునకు 1500 మిల్లీగ్రాములు, రెండవదానికి కాండ్రాయిటిన్ 1200 మిల్లీగ్రాములు, మూడవదానికి రెండును, నాలుగవదానికి సెలికాక్సిబ్ అను నొప్పిమందు. అయిదవ జట్టువారికి మందేమియులేని ఉత్తమాత్ర. ఎవరికి ఏది యిచ్చుచున్నారో రోగికిని తెలియదు, ఇచ్చు వైద్యునికిని తెలియదు. తెలిసినచో ఆశయే లెక్కను పాడుచేయును గావున ఈ యేర్పాటు. 24 వారముల పిమ్మట నొప్పి అయిదింట ఒక పాలైనను తగ్గినవారెందరని లెక్కించిరి.

గ్లూకోసమైన్ పుచ్చుకొన్నవారిలో నూటికి 64 మందికి తగ్గినది. కాండ్రాయిటిన్ పుచ్చుకొన్నవారిలో 65 మందికి, రెండును కలిపి పుచ్చుకొన్నవారిలో సుమారు 67 మందికి, నొప్పిమందు వారిలో 70 మందికి తగ్గినది. ఇంతవరకు విన్నవారు మాత్ర గొప్పదే యనుకొందురు. కాని ఉత్తమాత్ర మ్రింగినవారిలో సైతము నూటికి 60 మందికి తగ్గినది! నొప్పిమందునకును ఉత్తమాత్రకును గల వ్యత్యాసము లెక్కకు నిలిచినది. పోషక మాత్రలకును ఉత్తమాత్రకును గల వ్యత్యాసము నిలువలేదు. తరువాత ఆ రోగులలో 572 మందిని రెండేండ్లవరకు ఎక్స్‌రే పటములతో చూచిరి. గుజ్జు నిలుచుటలోను చెప్పుకొనదగిన భేదము కనబడలేదు.

ఉత్తమాత్రకు నూటికి అరువదిమందికి ఎట్లు తగ్గినది? వారందరు వెఱ్ఱివారా? కారు. వానలు వెనుకబట్టినప్పుడు మన పల్లెలలో రోకలికి కప్పను గట్టి, కప్పతల్లి ఆడి, ఇంటింట నీళ్లు పోయించుకొందురు. కొలది దినములలో వాన కురియును. ఆషాఢమున అది యెట్లును కురియవలసినదే. మోకాలినొప్పియు అట్లే ఎక్కుచు తగ్గుచు నుండును. మనము మందు మొదలుపెట్టునది నొప్పి యెక్కువగా నున్న దినములలో. తగ్గుచున్నప్పుడు ఎవరును కొత్తమందు వెదకరు. కనుక ఎక్కిన నొప్పి తనంత తాను దిగు కాలమున మాత్ర లోపల నుండును, కీర్తి మాత్రకు దక్కును. దీనికితోడు ఎవరో నన్ను పట్టించుకొనుచున్నారను నమ్మకము కూడ నొప్పిని నిజముగానే తగ్గించును. అది కల్పన కాదు. నొప్పి తెలియునది మెదడులో గదా. కుమారుడు తెచ్చిన మాత్ర మందులకొట్టులో కొన్న మాత్రకంటె ఎక్కువ సుఖమిచ్చినచో నేను ఆశ్చర్యపడను.

న్యాయముగా ఎదుటిపక్షము మాట కూడ చెప్పవలెను. ఆ 2006 పరీక్షలోనే, మొదట నొప్పి తీవ్రముగా నుండిన కొలదిమందిలో రెండు మాత్రలు కలిపి పుచ్చుకొన్నవారికి నూటికి 79 మందికి తగ్గెననియు, ఉత్తమాత్రవారిలో 54 మందికే తగ్గెననియు తేలినది. ఇది ఆశ కలిగించు సంగతియే. దానిని పట్టుకొని స్పెయిను దేశమున తీవ్రమైన నొప్పిగల 164 మందిపై మరల పరీక్ష చేసిరి. 2017లో దాని ఫలితము ప్రకటించిరి. నడుమ లెక్క చూడగా ఉత్తమాత్ర పుచ్చుకొన్నవారికే ఎక్కువ సుఖము కనబడుటచే పరీక్షను ముందుగానే ఆపివేసిరి. దానికి పూర్వము 2016లో మఱియొక పరీక్షలో ఈ జంటమాత్ర నొప్పిమందుతో సమానముగా పనిచేసెనని చూపిరి. కాని అందులో ఉత్తమాత్ర జట్టే లేదు. పోల్చదగిన ఉత్తమాత్ర లేనిచోట మాత్ర వలన కలిగిన సుఖమెంతయో, తనంత తాను వచ్చినదెంతయో ఎవరు చెప్పగలరు?

2010లో స్విట్జర్లండులోని పండితులు పది పరీక్షలను, అనగా 3803 మంది రోగుల లెక్కలను, ఒకచోట చేర్చి చూచి, రోగికి తెలియునంత మేలు లేదని తీర్పిచ్చిరి. అమెరికాలోని కీళ్లవైద్యుల సంఘము 2019 నాటి తన సలహాలలో మోకాలి అరుగుడు జబ్బునకు ఈ రెంటిని వాడవద్దనియే గట్టిగా చెప్పినది. చేతివ్రేళ్ల కీళ్లనొప్పికి మాత్రము కాండ్రాయిటిన్ కావలెనన్న చూడవచ్చునని మెత్తగా అన్నది. ఐరోపాలో ఒక పండితవర్గము ఒక విశేషవిధమున తయారైన గ్లూకోసమైన్ సల్ఫేటును ఇప్పటికిని సిఫారసు చేయుచున్నది. వారిని నేను తప్పుపట్టను. వారి లెక్కలను ఒప్పుకొన్నను మేలు స్వల్పమే. అది వైద్యుని చీటిపై నిచ్చు ఒక ప్రత్యేకపు తయారికి సంబంధించినది గాని బజారులోని ప్రతి డబ్బాకు సంబంధించినది గాదు.

పసుపును గూర్చి తప్పక అడుగుదురు. పసుపుసారముతో థాయిలాండులో 367 మందిపై చేసిన పరీక్షలో నాలుగువారములలో అది ఐబుప్రోఫెన్ అను నొప్పిమందుతో ఇంచుమించు సమానముగా పనిచేసినట్లు 2014లో వ్రాసిరి. ఆస్ట్రేలియాలో 70 మందిపై చేసినదానిలో పన్నెండు వారములకు నొప్పి కొంత తగ్గినది గాని కీలులోని వాపు తగ్గలేదు. ఇవి చిన్న పరీక్షలు, కొద్దివారములవి. పైగా వాడినది సారము. మనము పాలలో వేసికొను చిటికెడు పసుపుతో అంత సారము చేరదు. శల్లకి చెట్టు జిగురును గూర్చియు ఇంచుమించు ఇంతే చెప్పవచ్చును. డి విటమిను మాత్రలతో మోకాలినొప్పి తగ్గునేమోయని రెండేండ్లు చూచి, తగ్గదని 2013లో అమెరికాలో తేల్చిరి. ఎముకలకు అది వేఱు కారణములచే కావలసినవారు కలరు. అది వేఱుమాట.

"ఇన్ని లెక్కలేల? నాకు తగ్గినది గదా!" అని యెవరైన అన్నచో వారితో నేను వాదింపను. గ్లూకోసమైన్ విషము కాదు. ఆ పరీక్షలలో దానివలన పెద్ద ఉపద్రవములు కనబడలేదు. అయితే రక్తము గడ్డకట్టకుండ వార్ఫరిన్ అను మందు పుచ్చుకొనుచున్నవారు మాత్రము దీనిని తాకరాదు. రక్తము మరీ పలుచనై స్రావము కలుగవచ్చును. రొయ్యలు, పీతలు సరిపడనివారును జాగ్రత్తగా నుండవలెను. తక్కినవారు కావలసినచో మూడు నెలలు చూచి, మేలు కనబడనిచో మానివేయవచ్చును. ధనము మిక్కిలిగా నున్నవారి సంగతి యిది. పింఛను సొమ్ములోనుండి దీనికై తీయువారిని మాత్రము నేను వారింతును.

నాకు భయము మాత్రను గూర్చి కాదు, మాత్ర మ్రింగుచు గడుపు కాలమును గూర్చి. నా కొక రోగి గుర్తున్నది. నలువదేండ్లు దాటని యిల్లాలు. రెండుచేతుల వ్రేళ్లును వాచి, తెల్లవారి లేచినప్పుడు గంటకు పైగా పిడికిలి ముడువలేకుండెను. ఎవరో చెప్పగా ఏడాదిన్నర ఈ మాత్రలే మ్రింగెను. నాయొద్దకు వచ్చునప్పటికి వ్రేళ్లు ప్రక్కకు వంగిపోయియుండెను. ఆమెది అరుగుడు జబ్బు కాదు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. శరీరము తన కీళ్లతో తానే పోరాడు జబ్బు. మొదటి నెలలలోనే పట్టుకొని, వారమునకొక్కసారి మాత్రమే పుచ్చుకొను మెథోట్రెక్సేట్ వంటి మందులతో వైద్యుని కనుసన్నలలో చికిత్స చేసినచో కీళ్లు చాలవరకు దక్కును. వంగిన వ్రేళ్లను నేను నిలుపలేకపోతిని. ఆమె తన బిడ్డకు జడ అల్లలేకపోవుచున్నానని చెప్పినది.

కనుక గుర్తులు చెప్పెదను, వినుడు. అరుగుడు జబ్బున ఉదయపు బిగువు సాధారణముగా అరగంటలోపల సడలును. నడిచినకొలది నొప్పి, కూర్చున్న సుఖము. అరగంట దాటినను బిగువు వదలనిచో, చేతుల చిన్నకీళ్లు రెండువైపుల వాచినచో, జ్వరము తోడైనచో, లేదా ఒక్కరాత్రిలో కాలిబొటనవ్రేలు కీలు ఎఱ్ఱబడి దుప్పటి తగిలినను ఓర్వలేనిచో, మాత్రల డబ్బా ప్రక్కన బెట్టి రక్తపరీక్షకు పోవలెను. కడపటిది యూరిక్ ఆమ్లముచే వచ్చు గౌటు జబ్బు కావచ్చును. 2006లో మన ప్రాంతమున చికున్‌గున్యా వ్యాపించినప్పుడు జ్వరము పోయినను నెలలకొలది కీళ్లు పట్టియుండినవారిని మీరు చూచియేయుందురు. ఇంకొకటి మన నేలకు సంబంధించినది. నీటిలో ఫ్లోరైడు మితిమీరిన గ్రామములలో వెన్నెముక, కీళ్లు బిగిసి మనుష్యులు వంగిపోవుదురు. నేటి ప్రకాశము జిల్లా ప్రాంతమున ఈ జబ్బును 1937లోనే వైద్యులు గుర్తించి వ్రాసిరి. నల్లగొండవారికి చెప్పనేయక్కరలేదు. అచ్చట కావలసినది మాత్ర కాదు, మంచినీరు.

మఱియొక మోసము కలదు. "మూడు దినములలో నొప్పి మాయము, అంతయు మూలికలే" అని చెప్పి అమ్ము పొడులు, మాత్రలు. కొన్నిటిలో డబ్బామీద చెప్పకుండ స్టీరాయిడు మందు కలిపియుండును. 2022లో అమెరికా ప్రభుత్వపు ఆహారౌషధశాఖవారు కీళ్లపోషకములను పేర అమ్ముచున్న కొన్ని మాత్రలను పరీక్షింపగా వానిలో డెక్సామెథసోన్ అను స్టీరాయిడును, డైక్లోఫినాక్ అను నొప్పిమందును దాగియుండెను. ఇట్టివి వాడినవారికి నొప్పి చిత్రముగా తగ్గును. పిమ్మట ముఖము గుండ్రముగా ఉబ్బును, చక్కెర హెచ్చును, ఎముక పెళుసగును. చాలకాలము వాడినవారు దానిని ఒక్కసారిగా మానుట కూడ ప్రాణాపాయమే. అట్టివారు ఆ పొడిని వెంటబెట్టుకొని వైద్యునియొద్దకు పోవలెను. అతివేగముగా పనిచేయు మూలికను అనుమానించుడు.

అట్లయిన మోకాలికి మార్గమేమి? మొదటిది బరువు. అమెరికాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయమువారు స్థూలకాయులైన పెద్దలను నడిపించి కొలిచి, శరీరమునుండి ఒక కిలో తగ్గినచో అడుగడుగునకును మోకాలిపై నాలుగు కిలోల భారము తగ్గునని 2005లో చూపిరి. 2013లో వారే 454 మందిని ఏడాదిన్నర చూచిరి. ఆహారము తగ్గించుటయు వ్యాయామమును కలిపి చేసినవారికి, ఒక్కటి మాత్రమే చేసినవారికంటె నొప్పి ఎక్కువగా తగ్గినది. అయితే మన రైతులలో బక్కపలుచనివారే పెక్కుమంది. వారు కడుపు మాడ్చుకొనవలదు. ఈ మాట పట్టణముననుండు బిడ్డల యిండ్లలో కూర్చుండి బరువెక్కినవారికి.

రెండవది తొడకండరము. మోకాలిని కాపాడునది అదియే. అరుగుమీదనో, కుర్చీలోనో కూర్చుండి, ఒక కాలును నెమ్మదిగా చాచి, మోకాలు తిన్నగా వచ్చినపిదప అయిదు లెక్కించువరకు నిలిపి, దింపుడు. ఒక్కొక్క కాలికి పదిమారులు, ఉదయము సాయంకాలము. మొదటివారము కొంచెము పట్టినట్లుండును, భయపడవలదు. రెండుమూడు నెలలు విడువక చేసిననే ఫలము. నడక మానవలదు. నడకయే మృదులాస్థికి భోజనమని చెప్పితిని గదా. నొప్పి యెక్కువైన నాడు దూరము తగ్గించుడు, అంతేగాని మంచమెక్కవలదు. గొంతుకూర్చుండుట, మఠము వేసికొని చాలసేపు కూర్చుండుట మోకాలిపై మిక్కిలి భారము. భోజనమునకు ఎత్తుపీట, మరుగుదొడ్డిలో కుర్చీవంటి యేర్పాటు చేసికొనుట చిన్నతనమేమియు కాదు.

నొప్పి హెచ్చినప్పుడు మోకాలిపై రాయు డైక్లోఫినాక్ లేపనము నిజముగా పనిచేయునని పరీక్షలు చెప్పుచున్నవి. కడుపునకు, మూత్రపిండములకు దానివలన హాని మాత్రలకంటె చాల తక్కువ. నొప్పిమాత్రలను కొట్టులో అడిగి తెచ్చుకొని నెలలకొలది మ్రింగుట మాత్రము కూడదు. కడుపులో పుండ్లు, మూత్రపిండముల చేటు వానివలన వచ్చును. వావిలాకు వేసి కాచిన నీటి కాపడము, వెచ్చని ఆముదము రాచుట, ఇవి గుజ్జును పెంచవు గాని కొన్ని గంటల సుఖమిచ్చును. ఖర్చులేదు, అబద్ధపు వాగ్దానమును లేదు. వేడి చర్మమును కాల్చనిచో చాలును. ఇవన్నియు చేసియు నిదుర పట్టనంత నొప్పి మిగిలినచో శస్త్రచికిత్సచే కీలును మార్చుట కలదు. దానికి సమయము వచ్చినదా లేదా యనునది ఎముకలవైద్యుడు చూచి చెప్పవలెను.

ఇక చేతికఱ్ఱ. పెక్కుమంది కఱ్ఱను నొప్పిగల కాలివైపుననే పట్టుకొందురు. అది తప్పు. కుడిమోకాలు నొచ్చినచో ఎడమచేత పట్టవలెను. నొప్పికాలు వేయునప్పుడు కఱ్ఱయు దానితో కూడ నేలనానవలెను. అప్పుడు దేహభారము ఆవలివైపునకు కొంత మరలి నొప్పికాలికి తేలికయగును. నిలుచుండి చేయి వ్రేలాడవిడిచినప్పుడు మణికట్టు మడతవరకు కఱ్ఱ ఎత్తుండవలెను. మా పెదనాన్నగారిది ఎడమమోకాలు. నాలుగేండ్లనుండి వారు ఎడమచేతనే కఱ్ఱ పట్టుచుండిరి. డబ్బాల ఖర్చు పెట్టిన మా కుటుంబములో ఎవరమును, వైద్యుడనైన నాతోసహా, ఆ కఱ్ఱవంక చూడలేదు.

సంక్రాంతి పిమ్మట నేను మరల పోయి వారితో సంగతంతయు చెప్పితిని. మూడు నెలలు మాత్ర మాని చూచుటకు ఒప్పుకొనిరి. పంచాంగము ప్రక్కన ప్రతి పున్నమికి ఇంటినుండి రామాలయమువరకు పోవుటకు ఎన్నిమారులు ఆగవలసి వచ్చెనో గుర్తు పెట్టుకొనిరి. మాత్ర మ్రింగిన నెలకును, మాననెలకును భేదము కనబడలేదు. కఱ్ఱ చేయి మారిన నెలనుండి మాత్రము ఆగుట ఒకటి తగ్గినది. ఇది ఒక్క మనుష్యుని లెక్క, దీనితో ఏమియు రుజువు కాదని వారికిని చెప్పితిని. వారు నవ్వి, "నాకు కావలసినది రుజువు కాదురా, గుడివరకు పోవుట" అనిరి.

కుమారునికి ఉత్తరము వ్రాయుటకే వారికి ఎక్కువ ప్రయాస కలిగినది. రెండుమారులు వ్రాసి చించివేసిరట. మూడవదానిలో మాత్రలమాట యెత్తకుండ, "ఈమారు వచ్చునప్పుడు అడుగు మెత్తగానుండు జోళ్లు ఒక జత తెచ్చిపెట్టుము, ఎనిమిదవ నంబరు" అని వ్రాసిరి. జోళ్లు వచ్చినవి. డబ్బాలో ఇప్పుడు వక్కలు పోసి ఉంచుకొన్నారు.